పెళ్ళి ఫోటో పై అంచున

జులై 29
మళ్ళీ అదే ప్రశ్న. మా పెయింటింగ్ లెక్చరర్ హెలెన్ నా స్కెచ్‌లన్నీ స్టూడియో నేల మీద పరిపించి, చుట్టూ తిరిగి, చేతులు కట్టుకుని — "బ్యూటిఫుల్. బట్ వేర్ ఆర్ యూ ఇన్ దిస్?" నీ ఎదురుగానే ఉన్నాను తల్లీ, పొద్దున్నించీ ఏమీ తినకుండా.
ఆర్ట్ కాలేజీలో ఆఖరి సెమిస్టర్. నవంబరు చివర గ్రాడ్యుయేట్ షో, మా అందరి పనుల ప్రదర్శన. అందరి పనీ ఏదో ఒక రూపానికి వచ్చింది. నా దగ్గరున్నది ఒక గోడ. అదీ ఇప్పుడు లేని గోడ.

జులై 31
అమ్మకు ఫోన్ చేశాను. వాళ్ళ ఊరి గుడి మండపంలో గోడ నిండా బొమ్మలుండేవి. రాయల కాలం నాటివని అందరూ అంటారు — మా సీమలో పాతదేదైనా రాయల కాలం నాటిదే. నేను పుట్టేసరికే తెల్ల సున్నం. ఏముండేవి అమ్మా?
"ఆడోళ్ళు. వరసగా పోతాంటారు."
ఎక్కడికి?
"ఏమోమ్మే. పెండ్లికో, ఏటికో."
చేతుల్లో ఏముండేవి? ముఖాలెట్లా ఉండేవి?
"ఆడ గబ్బిలాలుండె. భయపడి తలెత్తేదాన్ని కాదు."
వందల ఏళ్ళ నాటి బొమ్మకు మా అమ్మ సాక్ష్యం ఇది. గబ్బిలాలు.

ఆగస్టు 3
సిడ్నీ శివారు, ద పాండ్స్. సరోజ ఆంటీ ఇల్లు. ఆంటీది కూడా అమ్మ ఊరే, వీధి కూడా ఒకటే. నేను సిడ్నీలో దిగిన రోజు ఎయిర్‌పోర్టుకు వచ్చింది ఆవిడే, టిఫిన్ డబ్బాతో సహా.
బొరుగుల ఉగ్గాని తింటూ ఊరికే అడిగాను — మండపం ఫోటోలేమైనా ఉన్నాయా అని. ఆంటీ లోపలికి పోయి పెళ్ళి ఆల్బమ్ తెచ్చింది. "మా పెండ్లి ఆడనే కదా అయింది." పేజీలు తిప్పుతూ ఎవరెవరు ఎలా చుట్టాలో చెబుతోంది. వింటున్నాను, వినడం లేదు.
ఒక ఫోటో. పీటల మీద ఆంటీ, అంకుల్. వెనక గోడ. ఫోటో పై అంచున, ఇద్దరి తలల పైన — పాదాలు! వరసగా ఆడవాళ్ళ పాదాలు, కడియాలు, చీరల చారల అంచులు. అంతే. పిక్కల దగ్గర ఫోటో అయిపోయింది.
"నా ముఖం చూడకుండా ఆ పైన ఏమి చూస్తావే?" అంది ఆంటీ.
అన్ని పాదాలూ కుడివైపుకు పోతున్నాయి. ఒక జత మాత్రం ఎడమవైపుకు. ఆమె వెనక్కి తిరిగింది.
ఆల్బమ్ దగ్గరికి లాక్కున్నాను. టీ ఒలికింది. ఆల్బమ్ మీద పడలేదు, బతికాను.

ఆగస్టు 4
ఫోటోను స్కాన్ చేసి పెద్దది చేశాను. పెద్దది చేస్తే చుక్కలు తప్ప ఏమీ పెరగవు.
జ్యోతి మధ్యాహ్నం హాస్పిటల్ డ్యూటీకి పోతూ నా భుజం మీదుగా తొంగి చూసింది. రూమ్మేట్ అన్నాక ఆ హక్కు ఉంటుంది. "కాళ్ళు వెనక్కి ఉంటే దెయ్యం కదే!"
వెనక్కి లేవు. మనిషే వెనక్కి తిరిగింది.
"అయితే ఏదో మర్చిపోయుంటాదిలే, గ్యాస్ కట్టలేదేమో," అంటూ లిఫ్ట్ ఎక్కింది. భీమవరం వాళ్ళకు ప్రతిదానికీ ఒక జవాబు ఉంటుంది. నవ్వాను గానీ రోజంతా అదే. ఎందుకు తిరిగింది?

ఆగస్టు 11
హెలెన్‌కు ఫోటో చూపించాను. మొదటిసారి కళ్ళద్దాలు పెట్టుకుని చూసింది. "దేర్. స్టార్ట్ దేర్." అంటే పోయిన బొమ్మను తిరిగి వెయ్యొద్దు, ఆ పాదాల మీద నా మనుషుల్ని నిలబెట్టమంటోంది. చెప్పడం ఎంత తేలిక.

ఆగస్టు 14
ఆ పాత గోడ లాగే సున్నం గచ్చు మీద వెయ్యాలి. కాన్వాస్ మీద కాదు. ఇది మాత్రం ఖాయం.
స్టూడియో టెక్నీషియన్ ఖాయంగా కాదన్నాడు. సున్నం పొడి కళ్ళల్లో పడితే, ఊపిరితిత్తుల్లోకి పోతే… సేఫ్టీ. మా ఊళ్ళో తాంబూలంలో నాలిక్కి రాసుకుంటారయ్యా దీన్ని, అనబోయి ఊరుకున్నాను.
మా ఫ్లాట్‌లో బాల్కనీ ఉంది, జ్యోతి యూనిఫాంలు ఆరేసేది. అక్కడ సున్నం కలిపితే నన్ను చంపుతుంది.

ఆగస్టు 17
ఆంటీ గరాజ్ ఇచ్చింది. అడక్కుండానే. "కార్లు బయట పెట్టుకుంటాములే. పిల్ల చదువు కంటే ఎక్కువనా?" అంకుల్ ముఖం చూస్తే, ఈ సంగతి ఆయనకూ అప్పుడే తెలిసినట్టుంది.
వాళ్ళమ్మాయి నిక్కీ హెడ్‌ఫోన్స్ తీసి, "మమ్, షీ నీడ్స్ వెంటిలేషన్" అని మళ్ళీ పెట్టేసుకుంది.

ఆగస్టు 24
సున్నం నానుతోంది. ఇసుక జల్లించాను. వేలు పొక్కింది. గ్లవ్స్ వేసుకోమని జ్యోతి పేషెంటుకు చెప్పినట్టు చెప్పింది, వినలేదు, ఇప్పుడు కట్టు కూడా తనే కట్టింది.
ఆంటీ గరాజ్ గుమ్మంలో కూచుని చిక్కుడుకాయలు ఒలుస్తూ కబుర్లు. అప్పుడు చెప్పింది, అదేదో మామూలు సంగతన్నట్టు —
"ఆ గోడకు సున్నం కొట్టించింది మా నాయనే కదా."
నా చేతిలో తాపీ ఆగిపోయింది.
ఆ ఫోటో వల్లనేనట. ఆల్బమ్ వచ్చాక చూస్తే వెనక గోడంతా మసి, పెచ్చులు. పెండ్లికొడుకు తరఫువాళ్ళు నవ్వారట, పాడు కొంపలో పెండ్లి చేసినారని. ఆ మాట పట్టుకుని వాళ్ళ నాయన, ఆంటీ చెల్లెలి పెండ్లికి ముందే, దగ్గరుండి గోడలన్నీ తెల్లగా చేయించాడట.
"ఎంత అందంగా ఉండెనో తెల్సా, మల్లెపూవు మాదిరి! ఊరంతా మెచ్చుకున్యారు."
ఆంటీ ముఖంలో గర్వం. నేను ఇసుక జల్లెడ అందుకున్నాను. ఏమనగలను, ఆవిడ గరాజ్‌లో నిలబడి.

ఆగస్టు 25
బొమ్మ చెడింది ఆ ఫోటో వల్ల. మిగిలిందీ ఆ ఫోటోలోనే. పొద్దున్నించీ ఇదే తిరుగుతోంది బుర్రలో. లెక్చర్‌లో ఏం చెప్పారో తెలియదు.

సెప్టెంబరు 7
గరాజ్‌లో నిలబెట్టిన మూడు చెక్క బోర్డులకూ గచ్చు పూశాను. పగుళ్ళు. గీకేసి మళ్ళీ పూశాను.

సెప్టెంబరు 14
మళ్ళీ పగుళ్ళు. సిడ్నీ ఎండ వసంతంలోనే ఇట్లా కాస్తే… తడిగుడ్డలు కప్పి వచ్చాను. నేను లేనప్పుడు నీళ్ళు చల్లేది ఆంటీ. ధనియాల మడికి చల్లినట్టు చల్లుతుందట, మెల్లగా.

సెప్టెంబరు 21
నిలిచింది! తడి మీదే జాజు ఎర్రమట్టితో మొదటి గీత. ఎర్ర గీత సున్నంలోకి ఇంకిపోతుంటే ఒళ్ళు జలదరించింది. పాదాలు ఫోటోలో ఉన్నట్టే. ఆపైన అన్నీ నావి. ఒకామె భుజాన యూనివర్సిటీ బ్యాగ్. ఒకామె మెడలో హాస్పిటల్ కార్డు — జ్యోతి చూస్తే గోల చేస్తుంది. ఒకామె బ్లాక్‌టౌన్ స్టేషన్లో రోజూ కనబడే ముసలామె, తోపుడు సంచీతో. అందరూ కుడివైపుకే నడుస్తున్నారు. పెద్ద కళ్ళు, పక్కకు తిరిగిన ముఖాలు.
ఇంత సంతోషం ఎప్పుడు కలిగిందో గుర్తులేదు.

సెప్టెంబరు 24
వెనక్కి తిరిగిన ఆమెకు ముఖం రావడం లేదు.
మొదట వేస్తే సినిమా హీరోయిన్. చెరిపేశాను. తర్వాత అమ్మ. చెరిపేశాను. తర్వాత నేను, అదీ ఏడుపు ముఖంతో — ఛీ. చెరిపి, కొత్త గచ్చు పూశాను. తెల్లగా ఖాళీ.
గోడకు సున్నం కొట్టడం నాకూ బాగానే వస్తోంది.

సెప్టెంబరు 28
ఖాళీ.

సెప్టెంబరు 30
ముఖం చోట మళ్ళీ పచ్చి గచ్చు పూసి, తడిగుడ్డ కప్పి వచ్చాను. ఆదివారం వస్తాను, ఆలోగా ఏదో ఒకటి తడుతుంది. ఎస్సే బాకీ ఉంది, రెండు రోజులు లైబ్రరీ.

అక్టోబరు 5
జరిగింది జరిగినట్టు రాస్తాను.
ఇవాళ ఆంటీ ఇంట్లో దసరా పేరున లలితా పారాయణం జరిగిందట. ఆడవాళ్ళంతా వచ్చారు. ఇల్లు చాలక గరాజ్ తలుపు తెరిచారు. ఎవరో గుడ్డ తీసి చూశారు. వరసగా ఆడవాళ్ళు, పెద్ద కళ్ళు… అమ్మవారి చెలికత్తెలు అనుకున్నారు. ఒకావిడ చేతులు జోడించింది. ఇంకొకావిడ హారతి. మరి ఇంటావిడగా ఆంటీ ఏం చేస్తుంది? పసుపు కలిపి తెచ్చి, బొమ్మలందరికీ నుదుట పెట్టింది. పాదాలకు కూడా. ఖాళీ ముఖానికి కూడా.
పచ్చి సున్నం మీద పసుపు. దిష్టి నీళ్ళు ఎట్లా అవుతాయి? అట్లా అయింది. నెత్తురు ఎరుపు. పాదాల నుంచి కారిన చారలు, ముఖం లేని ముఖం మీద ఎర్రటి మచ్చ, ఆంటీ వేలి ముద్రతో సహా.
నేను అరిచాను. నేను పోయేసరికి ఆడవాళ్ళు మిగిలిన ప్రసాదం డబ్బాల్లో సర్దుకుంటున్నారు, వాళ్ళ ముందే అరిచాను.
"ఇది దేవుడు కాదాంటీ, బొమ్మ! నా అసైన్‌మెంటు! మీ నాయన ఆ గోడ పాడుచేసె, మీరు ఇది పాడుచేస్తిరి. మీ ఇంటోళ్ళకు ఇదేనా పని?"
నిక్కీ మెల్లగా, "దట్ వాజ్ హార్ష్" అంది.
ఆంటీ చేతిలోని పసుపు గిన్నె కింద పెట్టి లోపలికి పోయింది. అంకుల్ నన్ను కారులో వెస్ట్‌మీడ్‌లో మా ఫ్లాట్ దగ్గర దింపారు. దారి పొడవునా క్రికెట్ కామెంటరీ. ఆయన దాన్ని ఆపలేదు, నేను ఆపమనలేదు.

అక్టోబరు 6
జ్యోతికి చెప్పాను. నన్ను ఓదారుస్తుందనుకున్నాను.
"మా ఊళ్ళో పాత చర్చిలో మరియమ్మ పటం ఉండేది. ముద్దులు పెట్టీ పెట్టీ జనం పాదాలు చెరిపేశారు. కోపం వస్తే ఎవరి మీద రావాలంట?" ఆగి — "అయినా ఆవిడ నాన్నగారి మాట ఎత్తావేంటే? పోయినాయన కదా."
నాకు తెలియదు, ఆయన పోయారని. నిరుడు దసరాలకు ముందే పోయారట. మా అమ్మకు తెలుసు, జ్యోతికి తెలుసు. ఆంటీ ఫ్లైటు దొరక్క చివరి చూపుకు అందలేకపోయిందట. నేనేం చేస్తున్నాను అప్పుడు? స్కెచ్‌లు వేసుకుంటున్నాను.

అక్టోబరు 9
ఆంటీ ఫోన్ ఎత్తడం లేదు. మెసేజ్‌కు నీలం టిక్కులు పడ్డాయి. అంతే.

అక్టోబరు 13
నిక్కీ తీసి పంపిన ఫోటోలు హెలెన్ చూసింది. కళ్ళద్దాలు పెట్టుకుని మళ్ళీ చూసింది. తర్వాత ఆ ఎర్ర మచ్చ మీద వేలు పెట్టి, "దిస్. దిస్ ఈజ్ ద ఫస్ట్ థింగ్ యూ హావెంట్ కాపీడ్ ఫ్రమ్ ఎనీవన్."
నేను నవ్వాను. అది నేను చేసింది కాదని చెప్పలేదు.
మూడేళ్ళుగా వేర్ ఆర్ యూ, వేర్ ఆర్ యూ అని అడిగిన మనిషి, ఇవాళ అక్కడ నన్ను చూసిందట. చూసింది సరోజ ఆంటీని.

అక్టోబరు 14
నిద్రపట్టని ముఖంతో పొద్దున్నే పోయి చెప్పేశాను. ఆ మచ్చ నాది కాదు, ఒకావిడ పూజ చేసింది, నేను ఆవిడను తిట్టాను. హెలెన్ కాఫీ తాగుతూ విన్నది. "దెన్ షీజ్ ఇన్ ద వర్క్. హావ్ యూ ఆస్క్‌డ్ హర్?"
ఏమని అడగాలి? ఎట్లా?

అక్టోబరు 19
బోర్డులను స్టూడియోకు తెచ్చుకోవడానికి వ్యాన్ మాట్లాడుకుని పోయాను. గరాజ్ తలుపు అంకుల్ తీశారు. "మీ ఆంటీ బాగానే ఉందమ్మా. నీతో మాత్రం మాట్లాడదంట. నాతోనూ తక్కువే మాట్లాడుతోందిలే, నువ్వేం ఫీల్ కావాకు." పైన కిటికీలో పరదా కదిలింది. లేక గాలేమో.
గరాజ్ ఊడ్చి, కడిగి వచ్చాను.

అక్టోబరు 30
ఎరుపు పోతోంది!
నా కళ్ళేనేమో అనుకున్నాను. మొదటి రోజు ఫోటో పక్కన పెట్టి చూశాను. పోతోంది. సున్నం ఆరి రాయి అవుతున్న కొద్దీ ఎరుపు మళ్ళీ పసుపవుతోంది, ఆ పసుపేమో స్టూడియో కిటికీ వెలుతురుకు ఎగిరిపోతోంది. ఎవరూ చెరపనక్కర్లేదు. దానంతటదే పోతుంది.

నవంబరు 6
నల్ల గుడ్డలు కప్పి ఉంచుతున్నాను. వెలుతురు తగలకపోయినా పోతోంది. రోజూ గుడ్డ ఎత్తి చూడ్డం, కప్పడం. చూడకుండా ఉండలేను.

నవంబరు 8
నేనే పెట్టాను. వంటగదిలోంచి పసుపు తీసుకెళ్ళి, ఆరిన సున్నం మీద ఒక మూల, ప్రయత్నంగా. లేత పసుపు మరక. ఎర్రబడలేదు. పచ్చి సున్నం కొంచెం పూసి మళ్ళీ పెడితే ఎర్రబడింది, కానీ చూస్తే కెచప్ మరకలా ఉంది. కొలతగా, మధ్యలో, అందంగా పెట్టాను కదా. ఆవిడ అట్లా పెట్టలేదు. గీకేశాను.

నవంబరు 16
ఈసారి ఫోన్ చెయ్యలేదు. బ్లాక్‌టౌన్ దాకా రైలు, అక్కడినుంచి బస్సు. ఆదివారం. ఆంటీయే తలుపు తీసింది.
"తిన్యావా?"
అంతే అంది. తినలేదంటే ఉగ్గాని చేసింది. ఎదురుగా కూచోలేదు, స్టవ్ తుడుస్తూ నిలబడింది.
క్షమించమని అడిగాను. నాయన గురించి నాకు తెలియదని చెప్పాను. తెలిసినా తెలియకపోయినా అనకూడని మాటేనని కూడా చెప్పాను. ఏడ్చాను, సిగ్గు లేకుండా, నోట్లో బొరుగులతో.
"మా నాయన బాగుండల్లనే కొట్టించినాడు మే. చెడగొట్టల్లని కాదు." స్టవ్ అప్పటికే అద్దంలా ఉంది, ఇంకా తుడుస్తోంది.
తెలుసు ఆంటీ.
"నాకు తెలీదనుకున్యావా ఆ బొమ్మలుండేది? పీటల మీద కూసునేటప్పుడు వెనక్కి తిరిగి చూస్తి. అందరూ వాళ్ళ పాటికి వాళ్ళు పోతాండారు. ఆయమ్మ ఒక్కతే నా తట్టు తిరిగుండె."
కంచం పక్కకు నెట్టాను. ముఖం, ఆంటీ. ముఖం ఎట్లా ఉండె?
"ముఖం యాడ కనపడె? కండ్లల్లో నీళ్ళు నిండుకోనుండె నాకు. ఇరవై నిండలే అప్పటికి. ఈయప్ప ఎవురో నాకు తెలీదు, నేనెవురో ఈయప్పకు తెలీదు."
ముందు గదిలో ఈయప్ప — అంకుల్ — క్రికెట్ చూస్తూ ఎవరినో అవుట్ అని అరిచారు. ఇద్దరం నవ్వాం. ఆ నవ్వు చూసి ధైర్యం చేశాను. అదే తప్పు.
ఎరుపు పోతోందని చెప్పాను. ఆయమ్మ ముఖం చోట పచ్చి సున్నం పూసి ఉంచుతాను, షోకు ముందు రోజు వచ్చి మళ్ళీ పసుపు పెట్టండి, మీ పేరు కూడా పక్కన రాస్తాను అన్నాను.
ఆంటీ గుడ్డ పిండి ఆరేసింది.
"బొమ్మకు ఎవురన్నా పసుపు పెడ్తారా మే? బొమ్మ అని నువ్వే చెప్తివి కదా, అందరి ముందర."
కోపంగా కాదు. మామూలుగా. కోపంగా అన్నా బాగుండేది.
బస్టాపు దాకా వచ్చి, మిగిలిన ఉగ్గాని డబ్బాలో పెట్టి ఇచ్చింది.

నవంబరు 17
జ్యోతి డబ్బా ఖాళీ చేసింది. నేను ముట్టలేదు.

నవంబరు 20
బోర్డులు గ్యాలరీకి చేరాయి. తెల్ల గోడ మీద తెల్ల సున్నం. ఎర్ర చారలు ఇప్పుడు పాలల్లో పసుపు కలిపినంత. ముఖం మీద మచ్చ, అక్కడ ఉందని తెలిసినవాళ్ళకు మాత్రమే కనబడుతుంది.
హెలెన్ ఇంకా టైముంది అంటోంది. ముఖం వెయ్యొచ్చు. వెయ్యకపోవచ్చు. "యువర్ కాల్." బ్రష్ కడిగి తుడిచి పెట్టాను, నల్ల గీతలకు మసి నూరి పెట్టాను. నిలబడి చూస్తే — అక్కడ ఏం గీసినా, ఆవిడ వేలు పడ్డచోట నా గీత పడుతుంది.
రంగుల పెట్టె మూసి వచ్చేశాను.

నవంబరు 21
పక్కన అతికించే చీటీకి పేర్లు అడిగారు. నా పేరు, సరోజ ఆంటీ పేరు ఇచ్చాను. ఒప్పుకోకపోతే తర్వాత తిట్టించుకుంటాను. ఫోటో కూడా పెట్టాలా, పెళ్ళి ఫోటో? అడగకుండా పెట్టకూడదు. అడిగే ముఖం లేదు. పెట్టలేదు.

నవంబరు 24
రేపు ఓపెనింగ్. అందరూ బట్టల గురించి మాట్లాడుకుంటున్నారు. నేను మళ్ళీ బోర్డుల దగ్గరికి పోయాను. ఆరిన గచ్చు మీద చిన్న పగులు, ముఖం దగ్గరే. తడి చేస్తే పూడుతుందా… ఏమో. ముట్టుకోను.

నవంబరు 25
పొద్దున. ఆంటీ ఫోన్. తనే చేసింది.
"సాయంత్రం మేం ముగ్గురం వస్తాండాము. పారాయణం వాళ్ళు కూడా. అంకుల్ పార్కింగ్ అడగమంటాండాడు."
పార్కింగ్ చెప్పాను. పెట్టేస్తుందనుకున్నాను. పెట్టలేదు. అవతల ఏదో సర్దుతున్న చప్పుడు, గాజుల చప్పుడు.
"సరే గానీ మే… ఆడ లోపలికి పోయేటప్పుడు చెప్పులు యాడ ఇడవల్ల?"
గ్యాలరీలో ఎవరూ చెప్పులు విడవరు. ఫోన్ చెవి దగ్గరే ఉంది, గుమ్మం పక్కన చోటెక్కడుందా అని మనసులో వెతుక్కుంటున్నాను.